లంక గ్రామం నుంచి వచ్చిన సూపర్‌హీరోకు ఏ పేరు పెట్టాలి?

ప్రశ్న: లంకబొమ్మలు (అమలాపురం)

అందరికీ నమస్కారం. పదేళ్లు దాటిన పిల్లల కోసం నేను తెలుగులో ఒక బొమ్మల కథ తయారుచేస్తున్నాను. కథా, బొమ్మలూ రెండూ నావే. మొదటి సంచికకు పెన్సిల్ పని పూర్తయింది గానీ, నాయికకు ఏ పేరు పెట్టాలో తేలకపోవడం వల్ల అట్ట బొమ్మ ఆగిపోయింది.

కథ 1986 ఆగస్టు వరదల్లో జరుగుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 17 లక్షల క్యూసెక్కులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడాది వచ్చినది 35 లక్షలు దాటింది. నాయిక అసలు పేరు సత్యవతి, వయసు పదహారు. గోదావరి చీలికల్లో ఒకటైన వైనతేయ పాయలోని ఒక లంకలో, అంటే నది మధ్య ఒండ్రు దిబ్బ మీది ఊళ్లో, ఆమె ఇల్లు. తండ్రి రేవులో లాంచీ నడిపే సరంగు.

ఆమె శక్తి ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే పేరు దాన్నిబట్టే ఉండాలని నా ఆలోచన. ఏటిగట్టు మీద చెప్పులు లేకుండా నిలబడితే, గట్టు లోపల నీరు ఎక్కడ దారి చేసుకుంటున్నదో ఆమె అరికాళ్లకు తెలుస్తుంది. ఎలుకలో పీతలో చేసిన బొరియ గుండా నీరు చొరబడి, గట్టుకు అవతలి పక్క ఊటగా పైకి వస్తుంది. ఆ ఊట తేటగా ఉన్నంతసేపు భయం తక్కువ. అది బురద రంగుకు తిరిగిందంటే మాత్రం లోపలి మట్టి కొట్టుకుపోతున్నదని, గండి పడడానికి ఎక్కువ సమయం లేదని అర్థం. సత్యవతి అక్కడ రెండు చేతులూ ఆనించి నీటిని ఆపగలదు. అయితే ఊరివాళ్లు ఇసుక బస్తాలు తెచ్చి వేసేంతవరకే ఆపగలదు. సముద్రపు పోటుకు ఉప్పునీరు ఎగదన్నినప్పుడు ఆ శక్తి సన్నగిల్లుతుంది.

నేను అనుకున్న పేర్లు ఇవి: జలశక్తి, వరదకన్య, వైనతేయి, గట్టుకాపు. వీటిలో ఏదీ పూర్తిగా మనసుకు పట్టడం లేదు. ఏది ఉంచవచ్చో, ఏది ఎందుకు పనికిరాదో, మీకు మరొకటి తోస్తే అది ఏమిటో దయచేసి కారణంతో సహా చెప్పగలరు.

సమాధానం: అచ్చుమడత (రాజమహేంద్రవరం)

లంకబొమ్మలు గారూ, పుస్తకాలకు అక్షరాలు కూర్చడం నా వృత్తి కనుక ఆ వైపు నుంచి నాకు తెలిసినది చెబుతానండి.

సూపర్‌హీరో పేరు అట్ట మీద ఒకసారి పెద్దగా కనిపించి ఊరుకోదు. సంచిక పొడవునా, ఇరుకైన మాటల బుడగల్లో, చిన్న అక్షరాల్లో, మళ్లీ మళ్లీ వస్తుంది. తెలుగులో వత్తులు అక్షరం కిందికి దిగుతాయి కాబట్టి పైవరుసకూ కిందివరుసకూ మధ్య ఖాళీ ఎక్కువ వదలాలి, దానితో బుడగ పెద్దదై బొమ్మను మింగేస్తుంది. అందుకని మూడు నాలుగు అక్షరాల్లో ముగిసే పేరు, సంయుక్తాక్షరాలు తక్కువగా ఉన్న పేరు మేలు. ఒకే అక్షరం ఒత్తి పలికే ద్విత్వం ఉంటే ఇబ్బంది లేదు, పైగా అది పేరుకు బిగువు తెస్తుంది. 1938లో వచ్చిన సూపర్‌మ్యాన్, 1939లో వచ్చిన బ్యాట్‌మ్యాన్, 1962లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ పేర్లను గమనించండి. ఇంగ్లీషు పిల్లవాడికి ఎప్పుడో తెలిసిన రెండు చిన్న మాటలను పక్కపక్కన చేర్చడమే అక్కడ జరిగింది. మనం తెచ్చుకోవలసినది ఆ పద్ధతి. చివరి ‘మ్యాన్’ను తెచ్చి తెలుగు మాటకు తగిలించనక్కరలేదు.

ఇక అసలు విషయం పిలుపు. మీ కథ జరిగేది చీకట్లో, హోరున నీటి చప్పుడులో. జనం ఆమెను చూడరు, కేక వేసి పిలుస్తారు. తెలుగు పేర్లు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, పిలిచేటప్పుడు ఆ చివరి అచ్చును ఎంత దూరమైనా సాగదీయవచ్చు. అవతలి ఒడ్డున ఉన్న పడవవాణ్ణి పిలిచేవాళ్ల గొంతు విన్నవారికి ఇది నేను చెప్పనక్కరలేదు. బొమ్మల కథలో ఆ సాగిన అక్షరాన్ని బుడగ దాటించి, గట్టు పొడవునా పెద్దదవుతూ పోయేలా గీయవచ్చు. కాబట్టి ప్రతి పేరునూ కాగితం మీద చూసి కాకుండా, డాబా ఎక్కి గట్టిగా పిలిచి చూడండి.

అలా పిలిచి చూస్తే వరదకన్య మొదటే పోతుంది. వరద రాత్రి గట్టు మీద ఎవరైనా “వరదా” అని అరిస్తే విన్నవాళ్లు సాయానికి రారు, పిల్లాజెల్లలతో మెరక వైపు పరుగెడతారు. రక్షించే మనిషి పేరూ ప్రమాదం పేరూ ఒకటే కాకూడదని నా గట్టి అభిప్రాయం. కేక వేసేటప్పుడు నాలుగో అక్షరం దాకా ఎవరూ ఆగరు.

జలశక్తి చదవడానికి బాగుంది. కానీ 2019లో కేంద్రంలో అదే పేరుతో మంత్రిత్వ శాఖ ఏర్పడింది కనుక, పిల్లలకు ఆ పేరు కుళాయి పథకం గోడరాతలనే గుర్తు చేస్తుంది.

సమాధానం: వశిష్ఠతీరం (నరసాపురం)

తెలుగు పండితుడిగా పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అచ్చుమడత గారు పిలుపు గురించి చెప్పినది చాలా విలువైన మాట. దానికి నేను మరొక ప్రశ్న చేరుస్తాను: ఈ పేరు కథలో ఎవరు పెడతారు? రచయిత పెట్టిన పేరు ఒక రకంగా ఉంటుంది, ఊరు పెట్టిన పేరు మరొక రకంగా ఉంటుంది. మన ప్రాంతంలో బడి రిజిస్టరులో ఉన్న పేరు ఒకటి, వీధిలో పిలిచే పేరు ఒకటి. రెండో పేరు ఎప్పుడూ మనిషి చేసే పని నుంచో, ఉండే చోటి నుంచో, ఒంటి తీరు నుంచో పుడుతుంది. సూపర్‌హీరోకు రెండు పేర్లు ఉండడమనే ఏర్పాటు మనవాళ్లకు కొత్తగా నేర్పవలసినది కాదు.

మీరు నాయికకు సత్యవతి అని పేరు పెట్టడం తెలిసి చేసినదో యాదృచ్ఛికమో గానీ, అది చాలా తగిన పేరు. మహాభారతంలో సత్యవతి దాశరాజు ఇంట పెరిగి యమునలో పడవ నడిపింది. ఒంటికి చేపల వాసన ఉన్నంతకాలం ఆమెను మత్స్యగంధి అన్నారు, పరాశరుడి వరంతో ఆ వాసన పరిమళమై యోజనం దూరం వ్యాపించాక యోజనగంధి అన్నారు. పుట్టుకతో వచ్చిన పేరు అలాగే ఉండగా, లోకం తాను చూసినదాన్నిబట్టి ఇంకొక పేరు ఇచ్చింది. మీ కథలో కూడా రెండో పేరు లోకం నోటి నుంచే రావాలి.

ఈ దృష్టితో మీ జాబితా చూద్దాం. వైనతేయి వ్యాకరణానికి విరుద్ధం కాదు, ఆత్రేయి వంటిదే. వినత కొడుకు గరుత్మంతుడు వైనతేయుడు, ఆ నది పేరూ అదే. అయితే వరదలో మునుగుతున్న పడవవాడి నోట ఆ మాట రాదు. అది పుస్తకాలు చదివినవారు పెట్టే పేరు. గౌతమి అందామా అంటే, అది మన జిల్లాల్లో ఎందరో ఆడపిల్లల పేరు, కాకినాడ రైలు పేరు కూడాను, అందుచేత ఒక్క మనిషిని చూపించే బలం దానికి మిగలలేదు.

గట్టుకాపు విషయంలో మీరు జాగ్రత్తగా ఉండాలి. కాపు అంటే కాపలా అనే అర్థం నిఘంటువులో ఉన్నమాట నిజమే. కానీ గోదావరి జిల్లాల్లో ఆ మాట ముందుగా ఒక కులం పేరుగానే చెవిన పడుతుంది. పిల్లలందరిదీ కావలసిన నాయికను పేరుతోనే ఒకరి వైపు నిలబెట్టినట్లు అవుతుంది, ఎంత వివరణ ఇచ్చినా ఆ అభిప్రాయం పోదు. గట్టుకాపరి అని మార్చుకుంటే ఈ చిక్కు తీరుతుంది. ఇలాగే ‘అమ్మ’తో ముగిసే పేర్లనూ తప్పించండి. మనవైపు అటువంటి పేరు వినగానే ఊరి గ్రామదేవతే మనసులో మెదులుతుంది. మీ నాయిక కిందపడాలి, బురదలో పొర్లాలి, ఒకసారి ఓడిపోవాలి. దేవత పేరు పెట్టుకున్న పాత్రను అలా గీస్తే నొచ్చుకునేవారు ఉంటారు, వారి నొప్పి కూడా న్యాయమైనదే.

గట్టుకాపరి కూడా నాకు పూర్తిగా నచ్చలేదు. కారణం మీ కథలోనే ఉంది. సత్యవతి ఇల్లు లంకలో ఉంది. ఏటిగట్టు లంకలను కాపాడడానికి వేసినది కాదు, గట్టుకు ఆవల ఉన్న ఊళ్లను, వరిచేలను కాపాడడానికి వేసినది. లంకవారు గట్టుకు ఏటి వైపున, నదిలోనే ఉంటారు. నీరు పెరిగితే మొదట మునిగేది ఆమె ఇల్లే, ఆమె వాళ్ల అరటితోటే. తన ఇంట్లో నీళ్లు నిలిచి ఉండగా, ఎవరి ఊరినో కాపాడే గట్టు మీద చేతులు ఆనించి నిలబడిన పిల్ల ఆమె. నాకు ఈ కథలో అన్నిటికంటే గొప్పగా కనిపించినది ఈ సంగతే. ‘గట్టు’ అన్న పేరు ఆమెను అవతలివారి మనిషిని చేస్తుంది. ‘ఏరు’ అన్న మాటతో మొదలయ్యే పేరు ఆమెను ఆమె చోటనే ఉంచుతుంది.

ఇంకొక మాట. వరద వైరి, వరద సంహారి వంటి పేర్లు ఎవరైనా సూచిస్తే ఒప్పుకోకండి. లంకలు పుట్టినది వరద తెచ్చిన ఒండ్రుమట్టితోనే. లంకవారు గోదావరికి భయపడతారు, కానీ పగ పట్టరు, తల్లి అనే పిలుస్తారు. నాయిక పేరులో నదితో శత్రుత్వం వినిపిస్తే ఆ ఊరి మనిషి ఈ కథ తనది కాదనుకుంటాడు.

నా సూచన ఏటిపిల్ల. రెండూ అచ్చతెలుగు మాటలు, నాలుగు అక్షరాలు, పిలవడానికి సులువు.

సమాధానం: యానాంరేవు

మాస్టారూ, ఏటి అన్న మాట గురించి మీరు చెప్పినదంతా ఒప్పుకుంటున్నాను. ‘పిల్ల’ దగ్గరే నా అభ్యంతరం. ఇద్దరు ఆడపిల్లల తల్లిగా చెబుతున్నాను, రోడ్డు మీద వాళ్లను ఆకతాయిలు పిలిచే మాట కూడా అదే. అంతేకాక స్పైడర్‌మ్యాన్ కథ మొదలైనప్పుడు ఆ అబ్బాయి ఇంకా బడిలో చదువుతున్నాడు, అయినా అతనికి పెద్దవాడి పేరే పెట్టారు. మన అమ్మాయి దగ్గరకు వచ్చేసరికి పిల్ల అనడం నాకు కష్టంగా ఉంది. కథ పదిహేను సంచికలు నడిచి సత్యవతి పెద్దదైతే ఆ పేరు ఎలా నప్పుతుంది?

మన ఊళ్లలో సత్యవతిని సత్యవతి అని ఎవరు పిలుస్తారండీ? అందరికీ ఆమె సత్తి. ఏటిసత్తి అని పెడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. సొంత పేరు కలిస్తే రహస్యం బయటపడుతుందని అనుకోవద్దు. అన్నవరం సత్యదేవుడి పేరు పెట్టుకోని వీధి మన దగ్గర లేదు. సత్యనారాయణ సత్తే, సత్యవతి సత్తే, సత్తిబాబు సత్తే. చీకట్లో ఎవరో “సత్తీ” అని కేక వేయగా విన్నవాళ్లకు, కాపాడినది ఆడో మగో కూడా తెలియదు. ఊరంతా ఆ పేరున్న మగవాళ్లను ఒక్కొక్కరినీ అనుమానిస్తూ తిరిగితే, లాంచీలో టికెట్లు కోస్తున్న అమ్మాయి వైపు ఎవరూ చూడరు. ఒక సంచిక మొత్తం దీని మీదే నడపవచ్చు.

సమాధానం: వశిష్ఠతీరం (నరసాపురం)

అమ్మా, మీ అభ్యంతరం సబబైనది, మీ సూచన నా సూచన కంటే మెరుగైనది. దానికి బలం చేకూర్చే మాట ఒకటి చెబుతాను. శక్తి అన్న సంస్కృత పదానికి తెలుగులో వికృతి సత్తి. అంటే లంకబొమ్మలు గారు మొదట జలశక్తి అని ఏ భావం కోరుకున్నారో, అదే భావం ఏటిసత్తిలో ఊరి మాటగా ఉంది. తెలిసిన పాఠకుడికి ఆ అర్థం అందుతుంది, తెలియని పిల్లవాడికి పక్కింటి సత్తి గుర్తుకొస్తుంది. కథలో ఎక్కడా ఈ వివరణ ఇవ్వవద్దని మాత్రం నా మనవి. సత్తి మన జిల్లాల్లో ఇంటిపేరుగా కూడా ఉంది, కానీ ఇంటిపేరు ముందు వస్తుంది, ఇది చివర వస్తుంది గనుక పొరపాటు పడే అవకాశం తక్కువ.

సమాధానం: పేరుపత్రం (కాకినాడ)

పేరు దాదాపు తేలింది కనుక, అచ్చుకు ఇచ్చే ముందు చేయవలసిన పని గురించి రాస్తున్నాను. నేను ట్రేడ్‌మార్కు దరఖాస్తులు చూసే కార్యాలయంలో పని చేస్తాను.

మీ కథకూ, మీరు గీసిన సత్యవతి బొమ్మకూ 1957 నాటి కాపీరైటు చట్టం రక్షణ ఇస్తుంది. కానీ ఒంటరిగా ఒక పేరుకు కాపీరైటు రాదు. పేరును కాపాడుకోవాలంటే 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కిందికి వెళ్లాలి. ఈ తేడా తెలియక నష్టపోయినవారు పెద్ద సంస్థల్లోనూ ఉన్నారు. కెప్టెన్ మార్వెల్ అనే పాత్రను అమెరికాలో ఒక సంస్థ 1940లో తెచ్చింది, కోర్టు తగాదా వల్ల 1953లో ఆపేసింది. 1967లో మార్వెల్ సంస్థ అదే పేరుతో వేరే పాత్రను తెచ్చి ఆ పేరును తన గుర్తుగా చేసుకుంది. పాత పాత్రను 1973లో మరో సంస్థ తిరిగి అచ్చు వేసినప్పుడు, అట్ట మీద సొంత పేరు వేసుకునే వీలు లేక షజామ్ అని వేసుకోవలసి వచ్చింది.

మన దేశపు ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. అక్షరాలు సరిగ్గా కలిసే పేర్లనే కాక, ధ్వనిలో దగ్గరగా ఉన్న పేర్లను కూడా అది చూపిస్తుంది, రెండు విధాలుగానూ వెతకండి. సరుకులనూ సేవలనూ రకాలవారీగా విడదీసిన తరగతుల్లో పుస్తకాలకు 16వ తరగతి, వినోద కార్యక్రమాలకు 41వ తరగతి వర్తిస్తాయి. బొమ్మలు, ఆటవస్తువులు చేసే ఉద్దేశం ఉంటే 28వ తరగతి కూడా చూడాలి. వ్యక్తి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో తరగతికి 4,500 రూపాయల రుసుము. నమోదైతే పదేళ్లు చెల్లుతుంది, ఆ తరువాత పొడిగించుకోవచ్చు. పేరును తెలుగు లిపిలో నమోదు చేయాలంటే దాని ఉచ్చారణనూ అర్థాన్నీ ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ జతచేయాలి. కోనసీమ వంటి ప్రాంతం పేరు ఒక్కటే పెడితే అభ్యంతరం వస్తుంది, సరుకు ఎక్కడిదో మాత్రమే తెలిపే పేరును ఒకరి సొత్తుగా ఇవ్వడానికి చట్టం ఇష్టపడదు. ఏటిసత్తి కల్పించిన పేరు గనుక ఆ చిక్కు ఉండకూడదు.

ఇంకొకటి, అట్ట మీద సూపర్‌హీరో అన్న మాట వాడవచ్చా అని కొందరు నన్ను అడుగుతుంటారు. అమెరికాలో ఆ మాట మీద రెండు కామిక్స్ సంస్థలు కలిసి హక్కు నమోదు చేసుకున్నాయి, 2024లో ఆ నమోదును అక్కడి ట్రేడ్‌మార్కు కార్యాలయం రద్దు చేసింది.

ప్రశ్నించినవారు: లంకబొమ్మలు (అమలాపురం)

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఏటిసత్తి అనే పేరునే ఖాయం చేస్తున్నాను.

మాస్టారూ, పేరు ఎవరు పెడతారన్న మీ ప్రశ్న వల్ల తొమ్మిదో పేజీ పూర్తిగా మారుతోంది. ఇంతకు ముందు అక్కడ సత్యవతి తనకు తానే పేరు ప్రకటించుకునేలా రాశాను. ఇప్పుడు గట్టు మీద లాంతరు పట్టుకున్న ఒక ముసలాయన, ఊట దగ్గర చేతులు ఆనించి ఉన్న మనిషి ముఖం కనిపించక “ఎవరది?” అని అడుగుతాడు. తండ్రి లాంచీలో నుంచి “సత్తీ” అని కేక వేస్తాడు. “ఏ సత్తి?” అని గట్టు మీదివాళ్లు ఒకరినొకరు అడుగుతారు. “మన ఊరి సత్తి కాదు, ఏటి నుంచి వచ్చిన సత్తి” అని ముసలాయన జవాబిస్తాడు. మర్నాటికి ఆ మాట కుదించుకుని ఏటిసత్తిగా ఊళ్లో తిరుగుతుంది.

యానాంరేవు గారూ, అనుమానపు సంచిక ఆలోచన నాకు చాలా నచ్చింది. మూడో సంచికకు దాన్ని తీసుకుంటున్నాను, మీ అనుమతి ఉంటే లోపలి పేజీలో కృతజ్ఞత తెలుపుతాను. అచ్చుమడత గారూ, అట్ట మీద ‘త్తి’ కింది వత్తును గట్టు వాలులాగా పొడిగించి గీస్తే చదవడానికి అడ్డు వస్తుందా అన్నది మీరే చెప్పాలి. నమూనా రెండు రకాలుగా గీసి ఇక్కడే పెడతాను. రిజిస్ట్రీలో వెతికే పని అంతకంటే ముందే పూర్తి చేసి, 16, 41 తరగతులకు దరఖాస్తు వేస్తాను.